బోన్సాయ్ నేర్చుకునేవారికి తొలి మొక్క: ఖరీదైన కుండీ కాదు, చౌకైన మొండి మొక్క కావాలి

న్యూఢిల్లీ: దక్షిణ ఢిల్లీలో కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాను ఆనుకొని ఉన్న కటవారియా సరాయ్ ఒకప్పుడు గ్రామం. నేడది ఇరుకు సందులు, నాలుగైదు అంతస్తుల భవనాలు, వాటి నిండా అద్దె గదులుగా మారిన ప్రాంతం. ఐఐటీ ఢిల్లీ, జేఎన్‌యూ సమీపంలోనే ఉండటంతో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువత ఇక్కడ ఎక్కువగా నివసిస్తుంది. వారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉంటారు. సందుల్లోకి ఎండ దిగదు. ఎండ కావాలంటే మేడ మీదికి ఎక్కవలసిందే. అక్కడ నీళ్ల ట్యాంకుకూ బట్టలారేసే తీగలకూ మధ్య రెండు మూడు కుండీలు పెట్టుకునే చోటు దొరికితే అదృష్టమే.

అటువంటి చోట ఉంటూ, నెలకు వచ్చే డబ్బును లెక్క చూసుకొని ఖర్చు పెట్టుకునే వ్యక్తికి బోన్సాయ్ నేర్చుకోవాలన్న కోరిక కలిగితే మొదట ఏ మొక్క కొనాలి? ఈ ప్రశ్నకు దుకాణాలు ఇచ్చే సమాధానం ఒకటి, చెట్లు ఇచ్చే సమాధానం మరొకటి.

దుకాణం చూపించేది సిద్ధంగా ఉన్న బోన్సాయ్. మెరిసే పింగాణీ పళ్లెం, పైన అతికించిన గులకరాళ్లు, మధ్యలో వంకర తిరిగిన చిన్న చెట్టు. ధర వేలల్లో ఉంటుంది. నేర్చుకునేవారికి అందులో నేర్చుకోవడానికి మిగిలింది చాలా తక్కువ. కాండాన్ని లావు చేయడం, కొమ్మలను ఎంచుకోవడం, వేళ్లను అమర్చడం వంటి పనులన్నీ ఎవరో చేసి ఉంటారు. కొన్నవారికి మిగిలేది దానిని చంపకుండా చూసుకునే బాధ్యత ఒక్కటే. ఆ విద్య ఇంకా రాని కారణంగా సాధారణంగా జరిగేది అందుకు విరుద్ధం. ఈ వ్యాసకర్త కొన్న మొదటి జునిపర్ కథ కూడా అంతే. నెల రోజులకు పైగా పచ్చగానే కనిపించింది. ఆకు గోధుమ రంగుకు తిరిగే నాటికి అది చనిపోయి చాలా రోజులైందని తరువాత తెలిసింది. జునిపర్ స్వభావమే అది. వేరు చచ్చినా ఆకు వెంటనే రంగు మారదు. తప్పు చేసిన రోజుకూ తప్పు కనిపించిన రోజుకూ మధ్య అంత వ్యవధి ఉంటే నేర్చుకునేవారికి ఏ తప్పు చేశారో తెలియదు.

తొలి మొక్కకు ఉండవలసిన మొదటి లక్షణం ఇక్కడే తేలుతుంది. అది తప్పును త్వరగా చూపించాలి, చూపించిన తరువాత బతికి ఉండాలి. నీరు తక్కువైతే ఆకు వాలాలి, పోస్తే లేవాలి. కొమ్మ పొరపాటున కోస్తే పక్కనుంచి మళ్లీ చిగురించాలి. ఇక చౌకదనం విషయానికి వస్తే, అది పొదుపు కోసం మాత్రమే కాదు. ఖరీదైన మొక్క మీద కత్తెర వేయడానికి చేయి వణుకుతుంది. చేయి వణికితే బోన్సాయ్ రాదు.

అసలు బోన్సాయ్ అనే జాతి చెట్టు ఎక్కడా లేదు. చైనాలో పుట్టి జపాన్‌లో ఈ పేరుతో ప్రసిద్ధమైన ఈ కళకు వాడేవన్నీ మామూలు చెట్లే. కత్తిరింపు, వేళ్ల నియంత్రణ, కుండీ పరిమాణం వాటిని చిన్నవిగా ఉంచుతాయి. అందువల్ల ఆన్‌లైన్‌లో ‘బోన్సాయ్ విత్తనాలు’ అని అమ్మే పొట్లాలలో ఉండేవి ఏదో ఒక మామూలు చెట్టు విత్తనాలు మాత్రమే. అవి మొలిచినా, కత్తెర పట్టడానికి తగిన కాండం రావాలంటే సంవత్సరాలు పడుతుంది. అద్దె గది ఒప్పందం పదకొండు నెలలు కాగా, ఆ మొక్క లెక్క ఎప్పటికీ సరిపోదు.

గోడలో మొలిచిన మొక్క

కటవారియా సరాయ్ వంటి ప్రాంతంలో అన్నిటికన్నా చౌకైన మొక్క నర్సరీలో ఉండదు, గోడలో ఉంటుంది. రావి, మర్రి, జువ్వి పండ్లను తిన్న పక్షుల రెట్టల ద్వారా విత్తనాలు పిట్టగోడల పగుళ్లలోకీ, మురుగు గొట్టాల మూలలకూ చేరి అక్కడే మొలుస్తాయి. పిడికెడు మట్టి కూడా లేని చోట ఢిల్లీ ఎండను తట్టుకొని నిలిచిన మొక్కకన్నా మొండిది మరొకటి దొరకదు. ఇంటి యజమానులకు అవి శత్రువులు. వేళ్లు లావెక్కితే గోడ చీలుతుంది. కనుక ఏడాదికొకసారి పీకించి పారవేస్తుంటారు. యజమానిని అడిగి తీసుకుంటే ఇద్దరికీ ప్రయోజనమే.

తీయడానికి వానాకాలం అనువైనది. ఢిల్లీకి రుతుపవనాలు సాధారణంగా జూన్ చివరి వారంలో చేరుతాయి. నాలుగైదు వానలు పడి గోడ నానిన తరువాత, పెన్సిలంత లావున్న మొక్కను ఎంచుకొని, పగులును మేకుతో కొద్దికొద్దిగా విప్పుతూ వేరు తెగకుండా లాగాలి. ఎంత జాగ్రత్తపడినా కొంత వేరు గోడలోనే ఉండిపోతుంది. దానికి తగినట్లు ఆకులను చాలావరకు కత్తిరించి, చిన్న మట్టికుండీలో నాటి, పైన పారదర్శక పాలిథిన్ సంచి కప్పి, రెండు మూడు వారాలు నీడలో ఉంచాలి. ఈ కుటుంబపు చెట్లు గాయాన్ని త్వరగా మాన్పుకుంటాయి. కోసినప్పుడు కారే పాలు కొందరికి చర్మంపై దురద పుట్టిస్తాయి, చేతులు కడుక్కోవాలి.

ఒక హెచ్చరిక అవసరం. ఊరికి అవతలే ఉన్న సంజయ్ వన్‌లో ఎన్నో మొక్కలు కనిపిస్తాయి. అది ఢిల్లీ రిడ్జ్ అడవిలో భాగం. అక్కడి నుంచి ఏదీ తవ్వి తీసుకురాకూడదు. పెరిగిన చెట్ల విషయంలో 1994 నాటి ఢిల్లీ చెట్ల సంరక్షణ చట్టం వర్తిస్తుంది. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం మందం 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, మొత్తం ఎత్తు మీటరుకు తగ్గకుండా ఉన్నదానిని ఆ చట్టం చెట్టుగా పరిగణిస్తుంది. గోడలోని పిల్లమొక్క ఆ లెక్కలోకి రాదు. కానీ అది చాలా ఏళ్లుగా పెరిగి లావైనదైతే అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

ఈ మూడింటిలో దేనిని ఎంచుకోవాలన్నది మరో ప్రశ్న. రావి ఆకు అందమైనదే కానీ పెద్దది. కత్తిరింపులతో కొంత తగ్గుతుందే తప్ప అరచెయ్యంత చెట్టుకు ఇమిడేంత చిన్నది కాదు. పైగా రావిని కోయడానికీ, ఇంట్లో కుండీలో ఉంచడానికీ సంకోచించే కుటుంబాలు తెలుగునాట ఉన్నట్లే ఢిల్లీలోనూ ఉన్నాయి. ఇంటి యజమాని మనసు తెలుసుకోవడం మంచిది. హిందీలో పిల్ఖన్ అని పిలిచే జువ్వికి అటువంటి అభ్యంతరాలు తక్కువ. ఆకు రావి అంత పెద్దది కాదు, కొత్త చిగురు రాగిరంగులో వస్తుంది. తొలి ప్రయోగానికి జువ్వికే ఈ వ్యాసం ఓటు.

నర్సరీలో చూడవలసింది ఆకులను కాదు

గోడ మొక్క దొరకనివారికి రోడ్డు పక్క నర్సరీలు ఉండనే ఉన్నాయి. అక్కడ ‘బోన్సాయ్ చూపించండి’ అని అడగటం మొదటి పొరపాటు. ఆ మాటతోనే ధర మారిపోతుంది. నల్ల పాలిథిన్ సంచుల్లో వరుసగా నిలబెట్టిన సాధారణ మొక్కల మధ్య తిరగాలి. మూలన పడేసిన వాటిని మరింత శ్రద్ధగా చూడాలి. తోటపని చేసేవారికి నిటారుగా, పొడవుగా, గుబురుగా ఉన్న మొక్క కావాలి. వంకరపోయినది, తల విరిగినది, పొట్టిగా మిగిలిపోయి కాండం మాత్రం లావెక్కినది వారికి అమ్ముడుపోని సరుకు. బోన్సాయ్‌కి కావలసింది సరిగ్గా అదే. వంద, రెండు వందల రూపాయలతో మంచి మొక్క దొరికే చోటు ఆ మూలే.

మొక్కను చేతిలోకి తీసుకొని పైమట్టిని వేలితో ఒక అంగుళం లోతు తొలగించి చూడాలి. నర్సరీవారిని అడిగి చేస్తే అభ్యంతరం చెప్పరు. కాండం నేలను తాకే చోట వెడల్పుగా విచ్చుకొని, వేళ్లు చుట్టూ సమానంగా పరచుకొని ఉంటే అది పెద్ద చెట్టు పోలికను తెస్తుంది. ఒక వేరు మరో వేరును చుట్టుకొని బిగిసి ఉన్నా, వేళ్లన్నీ ఒకే పక్కకు ఉన్నా వదిలివేయడం మేలు. కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడే కాండం కావాలి. గొట్టంలా ఒకే మందంతో పైదాకా పోయినదానిని సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. కొమ్మలు కిందినుంచే మొదలవ్వాలి. కాండం మధ్యలో అంటు కట్టిన బుడిపె ఉంటే అది జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. ఉబ్బిన దుంపవంటి వేళ్లపై ఆకులు అంటించినట్లు కనిపించే ‘జిన్సెంగ్ ఫైకస్’లో ఈ లోపం సాధారణం. ఆకుల అడుగున తెల్లటి పిండినల్లి ఉంటే, ధర ఎంత తగ్గించినా తీసుకురాకూడదు. ఒక్క కుండీ నుంచి అది మేడ మీది కుండీలన్నిటికీ పాకుతుంది.

ఆకు చిన్నబడుతుంది గాని పువ్వు, పండు చిన్నబడవు. ఈ చిన్న విషయం తెలియక మామిడి, నిమ్మలతో మొదలుపెట్టి నిరాశపడేవారున్నారు. దానిమ్మ ఇష్టమైతే చిన్న కాయలు కాసే పొట్టి రకాన్ని అడగాలి. వాక్కాయ మంచి ఎంపిక. హిందీలో కరోందా అంటే నర్సరీలో వెంటనే చూపిస్తారు. ఆకు చిన్నది, బెరడు త్వరగా పాతబడినట్లు కనిపిస్తుంది, ఎండను లెక్కచేయదు. ముళ్ల సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. తెలుగువారికి మనసుకు దగ్గరైన చింతకు సహజంగానే చిన్న ఆకులు. మన ప్రాంతంలో చక్కగా పెరిగే చింత ఢిల్లీ చలికి ముడుచుకుంటుంది. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు పడిపోయే చోట దానిని గోడ చాటున, గాలి తగలకుండా ఉంచగలిగితేనే తీసుకోవాలి.

పరీక్షల కాలంలో మొక్కను మరిచిపోతామని ముందే తెలిసినవారికి జేడ్‌ను మించినది లేదు. భారతీయ నర్సరీలలో ఈ పేరుతో ఎక్కువగా అమ్మేది దక్షిణాఫ్రికాకు చెందిన పోర్టులకారియా అఫ్రా. ఎర్రటి లేతకొమ్మలు, చిన్న గుండ్రటి దళసరి ఆకులు దాని గుర్తు. ఆకుల్లో నీటిని దాచుకుంటుంది కనుక చలికాలంలో రెండు వారాలు నీరు లేకున్నా బతుకుతుంది. కొనవలసిన అవసరం కూడా లేదు. మిత్రుల ఇంటి జేడ్ నుంచి వేలంత కొమ్మ కోసి, కోత ఆరేందుకు మూడు నాలుగు రోజులు నీడలో పెట్టి, పొడి ఇసుక మట్టిలో గుచ్చితే వేరు పడుతుంది. దానిని చంపే మార్గం ఒక్కటే, ప్రేమతో రోజూ నీళ్లు పోయడం.

కాగితపు పూల మొక్క, అంటే బోగన్‌విల్లియా, మరో విధంగా లాభదాయకం. తక్కువ ధరకే లావైన కాండం దొరుకుతుంది. ఎవరైనా పాత కంచెను తీసివేస్తుంటే మొద్దులు ఉచితంగానే వస్తాయి. అయితే దాని వేళ్లు సుకుమారం, మట్టి మార్చేటప్పుడు గడ్డను చెదరగొట్టకూడదు. లేతగా ఉన్నప్పుడు ఎటైనా వంగే కొమ్మ ముదిరితే పుటుక్కున విరుగుతుంది. పెద్ద కోతల దగ్గర కాండం కుళ్లే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసి కూడా రెండో మొక్కగా దీనిని సిఫారసు చేయవచ్చు.

ఢిల్లీ నర్సరీలలో కనిపించే మొక్కల్లో కొన్నింటి ప్రయాణం తెలుగునేలపైనే మొదలవుతుంది. రాజమహేంద్రవరం సమీపంలోని కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీలలో దేశమంతటా మొక్కలు చేరుతుంటాయి. ఊరి మొక్క దొరికిందన్న సంతోషంలో ఒక విషయం మరువరాదు. వేరుగడ్డ చుట్టూ బంకమట్టి ఉంటే ఢిల్లీ ఎండకు అది రాయిలా గట్టిపడుతుంది. పోసిన నీరు గడ్డ పక్కనుంచి జారిపోతుంది, లోపలి వేరు ఎండిపోతుంది. పైన తడి కనిపించడంతో సమస్య ఎక్కడుందో అర్థం కాదు. ఇటువంటి మొక్కను మొదట సంచితో సహా బకెట్టు నీటిలో పావుగంట ముంచాలి. తగిన రుతువు వచ్చాక బంకమట్టిని ఒకేసారి కాకుండా రెండు విడతలుగా తొలగించాలి.

మిగిలిన డబ్బు, మిగిలిన పని

ఒక్క మొక్కకు వెయ్యి రూపాయలు పెట్టడం కన్నా అందులో సగంతో వేర్వేరు స్వభావాలున్న మూడు మొక్కలు తెచ్చుకోవడం తెలివైన పని. జువ్వి, జేడ్, కాగితపు పూల మొక్క ఉంటే మూడు రకాల దాహం, మూడు రకాల చిగురింపు ఒకేసారి తెలుస్తాయి. ఒకటి పోయినా చదువు ఆగదు. పల్చని బోన్సాయ్ పళ్లెం ఇప్పుడే వద్దు. పళ్లెంలో కాండం లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. ఎనిమిది, పది అంగుళాల మట్టికుండీలో రెండు మూడేళ్లు స్వేచ్ఛగా పెరగనివ్వాలి. తరువాత కోసివేయడానికే ఒక కొమ్మను పొడవుగా వదిలేస్తే అది కాండాన్ని లావు చేస్తుంది.

పనిముట్ల విషయంలోనూ దుకాణం మాట వినవలసిన పనిలేదు. పదునైన మామూలు కత్తెర, పాత భోజన ఫోర్కు, కాల్చిన కడ్డీతో కుండీ అడుగున రంధ్రం పెద్దది చేసే ఓపిక చాలు. తీగ చుట్టి కొమ్మ వంచడం అందరూ బోన్సాయ్ అనుకునే పని గాని, దక్షిణ చైనాలోని లింగ్నాన్ సంప్రదాయంలో ప్రధానమైన పనిముట్టు కత్తెరే. కొమ్మను పెంచి, కావలసిన దిశకు చూసే మొగ్గపైన కోసి, మళ్లీ పెంచి, మళ్లీ కోస్తారు. చేతిలో డబ్బు లేనివారికీ సమయం ఉన్నవారికీ అదే తగినది. తీగ వాడదలిస్తే పారవేసిన కరెంటు వైరులోని రాగి సరిపోతుంది. పెరిగే రోజుల్లో ఆరు వారాలకొకసారి చూడకపోతే మాత్రం బెరడులోకి దిగి మచ్చ మిగులుస్తుంది.

మట్టికి ఇళ్ల నిర్మాణం జరిగే చోట దొరికే ఇటుక ముక్కలే మంచి ముడిసరుకు. శనగగింజ పరిమాణానికి కొట్టి, జల్లెడపట్టి, పొడిని పారవేయాలి. దానికి ఢిల్లీలో బదర్‌పూర్ అని పిలిచే ముతక ఇసుక, మూడో వంతు వర్మికంపోస్టు కలిపితే నీరు నిలవని మిశ్రమం సిద్ధమవుతుంది. నీటి సంగతి ఇంతకన్నా ముఖ్యం. అద్దె ఇళ్లలో ఆర్ఓ యంత్రం వదిలే నీటిని వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. బోరు నీటిలోని లవణాలన్నీ చిక్కబడి ఉండేది ఆ నీటిలోనే. పెద్ద నేలలో అది కొంత చెల్లుతుంది. చిన్న కుండీలో కొద్ది నెలలకే ఆకు అంచులు మాడుతాయి. గది తుడుచుకోవడానికి దానిని వాడుకొని, మొక్కకు కుళాయి నీరు, వానాకాలంలో వాననీరు పోయాలి.

ఢిల్లీలో మొక్కను చంపేది చలికన్నా మే, జూన్ నెలలే. 45 డిగ్రీల చుట్టూ తిరిగే ఎండ, దానికి తోడు లూ అనే వేడిగాలి. కాంక్రీటు మేడ పగలంతా వేడెక్కి రాత్రి కూడా వదలదు. కుండీలను నేలపై కాకుండా రెండు ఇటుకల మీద ఎత్తి, పైన ఆకుపచ్చ నీడవల కట్టి, ఉదయం సాయంత్రం రెండుసార్లు నీరు పోయాలి. ఆ రెండు నెలలు వేళ్లను కదిలించరాదు. మట్టి మార్చడానికి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి వరకు, లేదా జూలై, ఆగస్టు నెలలు తగినవి. మొక్కను గదిలో బల్ల మీద అలంకారంగా పెట్టడం ఏ రుతువులోనూ పనికిరాదు. ఒకటి రెండు రోజులు చూసుకొని మళ్లీ ఎండకు చేర్చాలి.

కొనడానికి ముందు ఒక సాయంత్రం లోధీ గార్డెన్‌కు వెళ్లి అక్కడి జాతీయ బోన్సాయ్ పార్కును చూసి రావడం మేలు. హౌజ్ ఖాస్ మెట్రో నుంచి పసుపు మార్గంలో నాలుగో స్టేషన్ జోర్ బాగ్, అక్కడి నుంచి నడక దూరం. లోధీ గార్డెన్‌కు ప్రవేశ రుసుము లేదు. దక్షిణాదిలో మైసూరులోని అవధూత దత్తపీఠంలోని బోన్సాయ్ తోట ప్రసిద్ధం. 2016లో అక్కడ 2,649 బోన్సాయ్‌లను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఇటువంటి చోట్ల చెట్ల పైభాగాన్ని కాక మొదళ్లను చూస్తూ నడిస్తే, నర్సరీలో ఏమి వెతకాలో కంటికి తెలుస్తుంది.

ఇక మిగిలింది సంక్రాంతికో వేసవికో ఊరికి వెళ్లే ప్రశ్న. జనవరిలో వారం పది రోజులకు జేడ్‌కు ఏర్పాటు అక్కరలేదు. జువ్వి కుండీని లోతైన పళ్లెంలో తడి ఇసుకపై పెట్టి, నీడకు జరిపితే ఆ చలిలో నెట్టుకొస్తుంది. వేసవిలో అది కుదరదు, పక్క గది మిత్రుడికి అప్పగించవలసిందే. పరీక్ష గట్టెక్కి ఢిల్లీ వదిలే రోజు వచ్చినప్పుడూ అంతే. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షోద్యానంలో 1625 నుంచి పెంపకంలో ఉన్న ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. 1945లో హిరోషిమాపై పడిన అణుబాంబును తట్టుకున్న ఆ చెట్టును దానిని పెంచిన యామాకి కుటుంబం 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. కటవారియా సరాయ్ గోడలో దొరికిన జువ్వికి అంత చరిత్ర లేకపోవచ్చు. గది ఖాళీ చేసేటప్పుడు దాని కుండీకి ఒక చీటీ కట్టి, ఎప్పుడు తీసినది, చివరిసారి మట్టి ఎప్పుడు మార్చినది, ఏ కొమ్మను కోయడానికి పెంచుతున్నది రాసి తరువాతి అద్దెదారుకు అప్పగించవచ్చు.